ఐదో గీత

ఆ రోజు ఇంట్లో ఆరుగురున్నారు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తనమీదే కప్పుకుని పొయ్యి దగ్గర కూర్చున్న నాయనమ్మ రిబ్కమ్మ. అదే పొయ్యి మీద ప్రార్థన కూడికకు వచ్చేవాళ్ల కోసం పెద్ద గిన్నెలో పప్పు ఉడికిస్తున్న అమ్మ హన్నమ్మ. వాకిట్లో ఆటో తుడుస్తున్న నాన్న సొలొమోను. చివరి గదిలో బట్టలు మడతపెడుతున్న చిన్నమ్మ రోజ. ఆమె మడతపెట్టిన ప్రతి బట్టనూ మళ్లీ విప్పుతున్న నాలుగేళ్ల అంకిత. ఆరో మనిషి షైనీ. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న పదహారేళ్ల పిల్ల. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తప్ప ఇంట్లో ఉన్నట్టు తెలియదు.

ఏడో మనిషి స్టాన్లీ గోడమీద ఫొటోలో ఉన్నాడు. సొలొమోనుకు తమ్ముడు, రోజకు భర్త. అతను పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది.

జనవరి చలి ఖేడ్ గల్లీల్లో ఇంకా కదలకుండా కూర్చుని ఉంది. చర్చి వెనుక ఆ ఇంటి తలుపులన్నీ మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి.

"హన్నమ్మా, గా తలుపన్న జర దగ్గరికెయ్యి. సలి ఎముకలు కొరుకుతుంది," అంది రిబ్కమ్మ.

"తెల్వనట్టు మాట్లాడుతవేందత్తా? రోజ ఎయ్యొద్దన్నది గదా."

"ఏడాదాయె. పొయ్యినోడు నా కడుపుల పుట్టినోడు గాదా, నాకు లేదా బాధ? మంచుల పొయ్యిండని ఇంటిల్లిపాదిని మంచుల పండబెడితే ఎట్ల?"

"మెల్లగ అను, ఇంటది."

"ఇననీ. గా ఆఖరి గది తలుపు మూసినా ఒకటే, మూయకున్నా ఒకటే. వానకు కింద తినిపొయ్యి రెండు వేళ్ల సందు పడ్డది. ఎలుకలు దర్వాజ కెళ్లి వచ్చినట్టే దొరల లెక్క వస్తున్నయ్."

హన్నమ్మకు నవ్వొచ్చింది. అంతలోనే ఆ రోజు నవ్వకూడదని గుర్తొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది.

స్టాన్లీని మట్టి చేసిన వారానికి ఎవరో చలికి తలుపు దగ్గరికి వేస్తే, రోజ చివరి గదిలోంచి అరుస్తూ పరుగెత్తుకొచ్చి రెండు రెక్కలూ గోడకు తగిలేలా తెరిచింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ తలుపు మూయలేదు. స్టాన్లీ మూసిన లారీ క్యాబిన్‌లో పోయాడు. ఆ మాట ఎవరూ నోటితో అనరు.

ఇంకో సంగతి కూడా అంతే. రోజ ఏడాదిగా సొలొమోనుతో మాట్లాడలేదు. అతని పళ్లెం వడ్డించాల్సి వస్తే వడ్డించి, "అక్కా, పెట్టిన అని చెప్పు," అని గోడవైపు తిరుగుతుంది. అతను కూడా పక్క గదిలోకి వినపడేలా "షైనీ, నీళ్లు కావాలె," అంటాడు. మూడు గదుల ఇంట్లో మాటలన్నీ షైనీ చేతుల మీదుగానే తిరుగుతాయి. ఎక్కువ మాట్లాడని పిల్ల కాబట్టి ఆ పనికి ఆమే సరిపోయింది.

"చిన్నమ్మా, నాయిన అడుగుతుండు, ఫొటోకు దండ తేవాల్నా అని," అంది గడప దగ్గర నిలబడి.

రోజ తలెత్తలేదు. "మా అన్న తెస్తుండు మనూర్ కెళ్లి. దండ తెస్తుండు, బండి గూడ తెస్తుండు. కూడిక అయినంక నేను పోతున్న బిడ్డా."

"ఎన్ని దినాలు?"

రోజ అంకిత చేతిలోంచి గౌను లాక్కుని మడతపెట్టింది. "ఇగ రాను."

ఏడాదిగా షైనీ ఈ గదిలోనే, చిన్నమ్మ పక్కనే పడుకుంటోంది. మధ్యలో అంకిత. రోజ ఏడ్చినప్పుడల్లా లేచి నీళ్లిచ్చేది ఆమే.

*

షైనీ ఫోన్‌లో ఆడే ఆటకు స్టాన్లీ పెట్టిన పేరు మంచుబండి.

స్టాన్లీ తన పాత ఫోన్ షైనీకి ఇచ్చినప్పుడు అందులో ఆ ఆట ఉంది. తెల్లటి దారి, తెల్లటి కొండలు, ఒక లారీ. ఎవరినీ కాల్చేది లేదు, పందెం లేదు. సరుకు తీసుకుని అవతలి ఊరికి బతికి చేరడమే ఆట. తెర కింద నాలుగు గీతలుండేవి. ఎర్రది ఒంట్లో వేడి. పసుపుది నిద్ర. పచ్చది తిండి. నీలిది డీజిల్. ఇంజిన్ నడుస్తుంటే నీలి గీత తగ్గుతుంది, ఆపితే క్యాబిన్ చల్లబడి ఎర్ర గీత పడిపోతుంది. చక్రాలకు గొలుసులు కట్టడానికి దిగితే ఎర్రది ఇంకా వేగంగా పడిపోతుంది. నిద్ర ఆపుకుని నడిపితే తెర మీద కనురెప్పలు వాలిపోతాయి, బండి లోయలోకి పోతుంది. ఒక గీతను నిలబెట్టాలంటే ఇంకో గీతను కరిగించాలి. ఆటంతా అదే.

ట్రిప్పు నుంచి వచ్చిన ప్రతిసారీ స్టాన్లీ స్నానం చేయకముందే ఆమె పక్కన కూర్చునేవాడు. "లారీ దిగొచ్చి మల్ల లారీయేనా? నీ కండ్లు గాల," అని రోజ తిట్టేది.

"చూసినవా షైనీ? మీ చిన్నమ్మ కోపానికి గూడ కింద ఒక గీత ఉంటే మంచిగుండు. ఎప్పుడు తగ్గుతదో ఎరుకైతుండె," అనేవాడు.

షైనీ ఒక నోటుపుస్తకం పెట్టింది. మొదటి పేజీ మీద 'ఎట్ల చనిపోయినం' అని రాసుకుంది. ఒకటి: చేతి తొడుగులు లేకుండా దిగినం. పన్నెండు: పసుపు గీత చూడలేదు, లోయ. ఇరవై ఆరు: బొగ్గుల సిగిడి ముట్టించినం కానీ అద్దం కొంచెం తెరిచి ఉంది, వేడి నిలవలేదు. చనిపోయిన ప్రతిసారీ తెర మధ్యలో 'మళ్లీ మొదలుపెట్టు' అని వచ్చేది. స్టాన్లీ బొటనవేలితో దాన్ని నొక్కి, "లేవయ్యా లాజరూ," అనేవాడు.

ముప్పై ఒకటో లెక్క మాత్రం వేరు. 'అద్దాలు మొత్తం మూసి, తలుపు సందులో గుడ్డ కుక్కి, సిగిడి ముట్టించి పడుకున్నం. పొద్దునకు ఎర్ర గీత నిండింది. చనిపోలేదు.' దాని కింద షైనీ ఎర్ర పెన్నుతో రెండుసార్లు గీత గీసింది.

పోయిన జనవరిలో అన్నదమ్ములిద్దరూ ఒకే లారీ మీద మందుల పెట్టెలు వేసుకుని కాశ్మీరు వైపు వెళ్లారు. దారిలో మంచు పడి రోడ్డు మూసేశారు. ఒకదాని వెనుక ఒకటి లారీలన్నీ ఆగిపోయాయి. రెండో రోజు సాయంత్రం ఐదింటికి షైనీకి ఫోన్ వచ్చింది. రోజ అప్పుడు పిల్లతో మనూర్‌లో పుట్టింట్లో ఉంది. అమ్మ నల్లా దగ్గర ఉంది.

"షైనీ! అసలు మంచుబండిల ఉన్నం బిడ్డా. నీ పుస్తకం తియ్యి!"

"గీతలు ఎట్లున్నయ్ చిన్నాయినా?"

"నీలం సగముంది, ఇంజన్ బంద్ పెట్టినం. పచ్చది మీ నాయిన తెస్తడట, ముందట ఎవరో రొట్టెలు పంచుతుండ్రు. ఎర్రదే పడిపోతుంది. కాళ్లున్నయో లేవో ఎరుకైతలేదు. సిగిడి ఉంది, బొగ్గులున్నయ్. చెప్పు, ఏం రాసినవ్?"

షైనీ పుస్తకం తీసి ముప్పై ఒకటోది చదివింది. బడిలో పాఠం చదివినట్టు, ఒక్క అక్షరం కూడా వదలకుండా చదివింది.

వెనుక నుంచి నాన్న గొంతు వినిపించింది. "అరేయ్, మంట పెడితే అద్దం రెండు వేళ్లంత తెరిచే ఉంచాలె. పండేముందు సిగిడి కిందికి దించాలె. మా ఉస్తాద్ నేర్పిన ముచ్చట."

"రెండు వేళ్ల సందులకెళ్లి వేడంతా పోతది అన్నా. పిల్ల ముప్పైసార్లు సచ్చి రాసింది పుస్తకంల. నువ్వు ఒక్కసారన్న సచ్చినవా?"

నాన్న నవ్వాడు. చిన్నాన్న నవ్వాడు. ఇక్కడ షైనీ నవ్వింది. ఫోన్ కట్టయింది.

రొట్టెల కోసం నడిచివెళ్లిన సొలొమోను పెరిగిన మంచులో తిరిగి రాలేక చెక్‌పోస్టు దగ్గరే ఆగిపోయాడు. తెల్లవారి వచ్చి తలుపు గుంజేసరికి స్టాన్లీ రగ్గు కప్పుకుని ఉన్నాడు, నిద్రపోతున్నట్టే. చలికి కాదు, బొగ్గుల గాలికి అని డాక్టరు చెప్పాడు.

నాలుగో రోజు శవంతో వచ్చిన సొలొమోను కూర్చోకుండా, నీళ్లు తాగకుండా వాకిట్లో నిలబడి అందరి ముందూ చెప్పాడు. "రొట్టెలకు పోతూ నేనే అద్దాలు మూసిన. తమ్మునికి సలి పెడతదని సందుల గుడ్డ గూడ నేనే కుక్కి, తలుపేసి పొయ్యిన. తప్పు నాది."

ఆ మాట విన్న క్షణంలో షైనీకి గుండె మీది బండ జరిగినట్టయింది. నాన్న మూశాడట, నాన్నే మూశాడట. తను చదివిన దానికీ దీనికీ సంబంధం లేదట. చిన్నాన్న శవం ఎదురుగా ఉండగా తనకు అలా తేలికగా అనిపించిందని ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

సొలొమోను మళ్లీ లారీ ఎక్కలేదు. ఖేడ్ నుంచి సిర్గాపూర్‌కు షేర్ ఆటో నడుపుతున్నాడు. దానికి తలుపుల్లేవు, మూసే అద్దాల్లేవు.

షైనీ మాత్రం మంచుబండి ఆడుతూనే ఉంది. అద్దాలు మూసేది, గుడ్డ కుక్కేది, సిగిడి ముట్టించేది, డ్రైవర్‌ను పడుకోబెట్టేది. అతను చనిపోతాడేమో చూసేది. పొద్దున్నే అతను లేచి ఒళ్లు విరుచుకునేవాడు, ఎర్ర గీత నిండి ఉండేది. నూరుసార్లు చూసింది. నూరుసార్లూ లేచాడు. ఆ ఆటలో నాలుగే గీతలు. గాలికి గీత లేదు.

"సచ్చినోని ఫోన్ల ఆటలాడుతవా? సిగ్గు లేదు?" అని అమ్మ ఒకసారి వీపు మీద కొట్టింది.

*

కూడిక పదకొండింటికి ముగిసింది. పాస్టరయ్య ప్రార్థన చేసి, రెండు ముద్దలు తిని వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే "వందనాలమ్మా" అంటూ లేచారు. చివరికి రోజ అన్న హనోకు మిగిలాడు. అతను తెచ్చిన ట్రాలీ ఆటో గేటుకు అడ్డంగా ఉంది. రోజ బీరువా అప్పటికే అందులోకి ఎక్కింది.

హనోకు చేయి కడుక్కుని వచ్చి సొలొమోను ఎదుట నిలబడ్డాడు. "పెద్దబావా, ఏడాది ఆగమంటే ఆగినం. ఇయ్యాల చెల్లెను, పిల్లను తీస్కపోతున్న."

సొలొమోను నేలవైపు చూస్తూ తల ఊపాడు.

"నా కొడుకు గుర్తు గా పిల్ల ఒక్కటే అయ్యా. దాన్ని గూడ తీస్కపోతవా?" అంది రిబ్కమ్మ దుప్పట్లోంచి.

"రోజా, నువ్వన్న చెప్పు చెల్లె. ఈ ఇంట్ల నీకేం తక్కువ చేసినం?" అంది హన్నమ్మ.

"నువ్వేం తక్కువ జెయ్యలే అక్కా," అంది రోజ. "నీ చేతి అన్నం మరవను. కని గాయన ఎదురుంగ తిరుగుతుంటే గా అన్నం గొంతుల దిగుతలేదు."

"ఇరవై ఏండ్ల డ్రైవరీ నీది," అన్నాడు హనోకు. గొంతు పెరిగింది. "నిన్నమొన్న లైసెన్సు తెచ్చుకున్నోనికి గూడ ఎరుక, మంట పెడితే అద్దం ఇడిచిపెట్టాల్నని. నీకు ఎరుక లేదా? ఎట్ల మూసినవ్? చెయ్యెట్ల వచ్చింది నీకు?"

"హనోకూ, నోరు జాగ్రత్త! తోడబుట్టినోణ్ని కావాల్నని సంపుకుంటడా ఎవడన్న?" హన్నమ్మ ముందుకొచ్చింది.

"అననీ హన్నమ్మా," అన్నాడు సొలొమోను. "ఆయన అన్నదాంట్ల తప్పేముంది?"

రోజ లోపలికి వెళ్లి ఒక నీలం తువ్వాల తెచ్చింది. శవంతో పాటు వచ్చిన సంచిలోది. ఏడాదిగా ఉతకలేదు. దాని నిడివి పొడవునా నల్లటి మరక ఉంది, తలుపు అంచు గ్రీసు. ఆమె దాన్ని సొలొమోను ముందు కాదు, హన్నమ్మ ముందు పరిచింది.

"అక్కా, అడుగు. గిది నేను కొనిచ్చిన తువ్వాల. ఉన్నది ఒక్క తలుపే, రెండోది కొండదిక్కు మంచుల కూరుకపొయ్యిందన్నడు గదా? గా ఒక్క తలుపు సందు నిండ కింది నుంచి మీది దాక గిది కుక్కినవా అని అడుగు. గాలి పొయ్యేంత సందన్న ఇడువలేదా అని అడుగు."

"కుక్కిన," అన్నాడు సొలొమోను. "నేనే కుక్కి, తలుపేసి దిగిన."

మంచినీళ్ల చెంబు పట్టుకుని నడుస్తున్న షైనీ అక్కడే ఆగిపోయింది.

మంచుబండిలో గుడ్డ కుక్కే గుర్తు ఒకటి ఉంటుంది. డ్రైవరు క్యాబిన్ లోపల కూర్చుని, తలుపు వేసి ఉన్నప్పుడే ఆ గుర్తు కనిపిస్తుంది. తలుపు తెరిస్తే గుడ్డ కింద పడిపోతుంది. దిగితే ఆ గుర్తే మాయమవుతుంది. నూరుసార్లు చూసింది ఆమె. ఒక్కటే తలుపు. ఆ తలుపులోంచి నాన్న దిగాడు. దిగినవాడు లోపలి సందులో గుడ్డ ఎలా కుక్కుతాడు?

లోపల మిగిలింది ఒక్కరే.

చెంబులో నీళ్లు తొణికి ఆమె కాళ్ల మీద పడ్డాయి. ఎవరూ చూడలేదు.

*

బీరువాకు తాడు కట్టడానికి హనోకు గేటు దగ్గరికి పోయాడు. సొలొమోను తన ఆటో వెనుక నిలబడి, తుడిచిన రేకునే మళ్లీ తుడుస్తున్నాడు. షైనీ వచ్చి పక్కన నిలబడింది.

"నాయినా, గుడ్డ లోపలికెళ్లి గదా కుక్కేది. నువ్వు బయటుంటివి."

సొలొమోను చేయి ఆగింది.

"ఇంట్లకు పో."

"చిన్నాయినే కుక్కిండు. నేను ఫోన్ల చదివిన గదా, గట్లనే..."

"షైనీ!" అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గా మాట మల్ల ఎత్తకు. ఫోన్ల నువ్వు ఇనంగ నేనే అన్న గదా రెండు వేళ్లు తెరువాలె అని? ఆడు జోక్ చేస్తే నవ్విన. నవ్వుకుంట దిగి పొయ్యిన. ఒక్క దెబ్బ ఏసి చెప్తె ఇంటుండె ఆడు. నేను ఇరవై ఏండ్ల డ్రైవర్‌ను. నువ్వు పదిహేనేండ్ల పిల్లవు, ఫోన్ల ఆట చూసి చదివినవ్. తప్పు ఎవనిది?"

"మరి నువ్వు మూసిన అని ఎందుకు చెప్పినవ్?"

సొలొమోను గుడ్డను పిండాడు, అందులో నీళ్లు లేకపోయినా.

"దారి పొడుగునా గదే ఆలోచించిన బిడ్డా. తమ్ముడు ఎనక పండి ఉన్నడు. ఎవలు మూసిండ్రు అని అడుగుతరు. ఆడే మూసిండంటే ఎందుకు మూసిండు అంటరు. ఎందుకంటే నీ పేరొస్తది. నన్ను తిడితే ఏమైతది? తింటున్న, ఆటో నడుపుతున్న. మీ చిన్నమ్మ నన్ను చూసినట్టు నిన్ను ఒక్క పూట చూస్తే నువ్వు బతుకుతవా?"

షైనీ నాన్న ముఖం వైపు చూసింది. ఏడాదిలో మొదటిసారి సరిగ్గా చూసింది. చెంపలు లోపలికి పోయాయి. అంగీ భుజాల మీద నిలవకుండా జారుతోంది. కళ్ల కింద నల్లగా ఉంది, ఎన్ని రాత్రులు నిద్ర లేదో. ఆయనకు తిండి లేదు, నిద్ర లేదు, ఇంట్లో పలకరించే మనిషి లేదు. తన గీత ఒక్కటి నిలబెట్టడానికి ఈ మనిషి తనవన్నీ కరిగించుకున్నాడు. అది చూసి కూడా ఆమె ఏడాది పాటు తేలికగా ఊపిరి పీల్చింది.

"చెప్పకు బిడ్డా," అన్నాడు సొలొమోను. "ఆమె పోతే పోనీ. నీ మీద పానం పెట్టుకున్నది. గా మనసు ఇరగ్గొట్టకు."

షైనీ తల ఊపింది. ఊపి ఇంట్లోకి నడిచింది. పుస్తకాల అడుగు నుంచి నోటుపుస్తకం తీసింది.

*

రోజ గదిలో నేలమీద కూర్చుని అంకితకు చెప్పులు తొడుగుతోంది. అంకిత ఒక చెప్పు తొడిగించుకోగానే రెండోది విప్పేస్తోంది. "అక్క గూడ వస్తదా మనతోని?" అని అడుగుతోంది.

షైనీ పుస్తకం తెరిచి చిన్నమ్మ ఒళ్లో పెట్టింది. రోజ చదివింది. పెదవులు కదిలాయి. ఎర్ర గీతల దగ్గర ఆగింది.

"ఏంది గిది?"

"మంచుబండి. చిన్నాయిన నేను ఆడుతుంటిమి గదా. గా దినం ఫోన్ చేసి అడిగిండు చిన్నమ్మా. ఎర్ర గీత పడిపోతుంది, ఏం జెయ్యాలె అని. నేను గిది చదివిన. నాయిన వద్దన్నడు. అద్దం రెండు వేళ్లు తెరువాల్నన్నడు. చిన్నాయిన ఇనలే. నేను చదివినందుకే ఇనలే. నాయిన రొట్టెలకు పొయ్యినంక ఆయననే మూసుకున్నడు, ఆయననే కుక్కుకున్నడు. నాయిన అబద్ధం చెప్పిండు. నా పేరు రావొద్దని చెప్పిండు."

ఇన్ని మాటలు షైనీ ఒక్కసారిగా ఎన్నడూ మాట్లాడలేదు. చివరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు.

రోజ తువ్వాలను పిడికిట్లో పట్టుకుని, దాని నల్ల మరక మీద బొటనవేలు పోనిస్తూ కూర్చుంది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. ఎవరి చేయి కుక్కిందో ఇప్పుడు తెలిసినట్టు.

"ఆఖరికి ఏమన్నడు?" అంది.

"నవ్విండు. 'పిల్ల ముప్పైసార్లు సచ్చి రాసింది, నువ్వు ఒక్కసారన్న సచ్చినవా' అని నాయినను అడిగి నవ్విండు."

"నన్ను అడిగిండా? అంకితను అడిగిండా?"

ఇక్కడ ఒక్క అబద్ధం చెబితే చాలు. షైనీకి ఆ సంగతి తెలుసు. కానీ ఈ ఇంట్లో అబద్ధం మనిషిని ఎంత తింటుందో ఇప్పుడే వాకిట్లో చూసి వచ్చింది.

"లే చిన్నమ్మా. ఫోన్ కట్టయింది."

రోజ కళ్లు మూసుకుంది.

"ఏడాది," అంది. అరవలేదు. "ఏడాది నా పక్కలనే పండినవ్. నేను ఏడ్సినప్పుడల్ల లేచి నీళ్లిచ్చినవ్. మీ నాయినకు నేను శాపనార్థాలు పెడుతుంటే ఇనుకుంట పండినవ్."

"చిన్నమ్మా..."

రోజ లేచింది. పుస్తకం చేతిలోనే ఉంది. షైనీని దాటుకుని వాకిట్లోకి నడిచింది.

ఆమె చేతిలో పుస్తకం చూడగానే సొలొమోను కూలబడ్డట్టు ఆటో మెట్టు మీద కూర్చున్నాడు. తల వంచుకున్నాడు. రోజ అతని ముందు నిలబడింది. గేటు దగ్గర హనోకు తాడు బిగించడం ఆపాడు. హన్నమ్మ వంటింటి గడపలోకి వచ్చింది.

"బావా," అంది రోజ.

ఏడాది తర్వాత ఆ నోట ఆ పిలుపు వచ్చింది.

"పొద్దుగాల నుంచి ఏం తినలేదు నువ్వు. రా. అన్నం పెడత."

అంత పెద్ద మనిషి రెండు చేతుల్లో ముఖం దాచుకుని, చిన్నపిల్లాడిలా గొంతెత్తి ఏడ్చాడు. "నేను నవ్విన రోజా. వద్దని గట్టిగ చెప్పక నవ్విన," అన్నాడు. "నాకు ఎరుక బావా," అంది ఆమె. ఆమె కూడా ఏడుస్తోంది.

హనోకుకు ఏమీ అర్థం కాలేదు. "ఏందే చెల్లె? ఏమైంది?"

"అన్నా, బీరువ దించు. నేను రాను."

"గిప్పుడే గదా..."

"దించమన్న గదా."

రోజ తనే పీట వేసింది, తనే పళ్లెం పెట్టింది, తనే వడ్డించింది. ఎవరితోనూ "పెట్టిన అని చెప్పు" అనలేదు. "ఇంకొంచెం పప్పేసుకో బావా," అంది. సొలొమోను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, దిగలేదు, నీళ్లు తాగి దింపాడు. రిబ్కమ్మ దుప్పట్లోంచి చేయి చాచి పెద్దకొడుకు వీపు నిమిరింది. ఎందుకో తెలియకుండానే హన్నమ్మ ఏడ్చింది.

షైనీ గోడకు ఆనుకుని చూస్తోంది. చిన్నమ్మ పోవడం లేదు. అంకిత పోవడం లేదు. నాన్న తింటున్నాడు. ఆమె దేవుణ్ని అడిగినవన్నీ వరుసగా జరుగుతున్నాయి. ఒక్కసారైనా చిన్నమ్మ ఇటు తిరిగి చూడాలి. అంతే మిగిలింది.

రోజ చేయి కడుక్కుంది. అంకితను చంకనెత్తుకుంది. పుస్తకం, తువ్వాల రెండూ తీసుకుని చివరి గదిలోకి వెళ్లింది. షైనీ వెనుకే గడప దాకా నడిచింది. ఆమె చాప, ఆమె దుప్పటి ఆ గదిలోనే ఉన్నాయి.

"చిన్నమ్మా."

రోజ తిరిగింది. ఆమె కళ్లలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. ఎవరో పక్కింటి పిల్ల పొరపాటున వచ్చి నిలబడితే చూసినట్టు చూసింది. వంగి, షైనీ చాప చుట్టి, దుప్పటి దాని మీద పెట్టి, గడప అవతల పెట్టింది.

"అక్కా, దా!" అంది అంకిత.

"అక్క రాదు," అంది రోజ.

గోడకు ఆనుకుని ఏడాదిగా కదలని తలుపును ఆమె పట్టి లాగింది. అది నేలకు పట్టుకుంది, రాలేదు. భుజం ఆనించి నెట్టింది. కిర్రుమని ఒక్కో జానెడూ జరుగుతూ వచ్చింది. సందులో ముందు చిన్నమ్మ చీర కనిపించింది, తర్వాత అంకిత ఒంటి చెప్పు కాలు. ఆ తర్వాత పాత చెక్క మాత్రమే. లోపల గడియ పడింది.

"ఎవలు? ఎవలు తలుపేసిండ్రు?" అని పొయ్యి దగ్గర నుంచి రిబ్కమ్మ కంగారుగా అరిచింది.

షైనీ చాప పక్కన నేలమీద కూర్చుంది. తలుపు కింద, వానకు తినిపోయిన చోట చేయి పెట్టి చూసింది. చూపుడువేలు, మధ్యవేలు. రెండూ దూరాయి. అవతలి నుంచి గాలి వేళ్లకు తగులుతోంది. ఆమె వేళ్లు తీయకుండా అలాగే కూర్చుంది.